చెక్క రెక్కల మీద హైదరాబాద్ పేరు

అల్మరా చేయించడానికి వడ్లాయనను వెంటబెట్టుకుని హయత్‌నగర్ హైవే మీది ప్లైవుడ్ కొట్టుకు వెళ్లాను. షీట్లు చూస్తూ, ఒకప్పుడు దీంతో విమానాలు కట్టేవారని నోరు జారాను. ఓనరు నవ్వాడు. వడ్లాయనైతే "వానకు తలుపే ఉబ్బుతది సార్, ఇగ విమానమా?" అన్నాడు. ఆయన ఒక్కడిదే కాదు ఆ మాట.

అపోహ: ప్లైవుడ్ తలుపులకూ అల్మరాలకూ తప్ప గాల్లోకి పనికిరాదు.

మనం అల్మరాకు కొనేది 19 మిల్లీమీటర్ల షీటు. విమానం ఒంటికి తొడిగింది చాలావరకు కొద్ది మిల్లీమీటర్ల పల్చటి సరుకు, ఎక్కువగా బర్చ్ చెట్టుది. ఒక పొర పీచు నిలువుగా ఉంటే పైపొర పీచు అడ్డంగా పెట్టి అతికిస్తారు. పల్చన కాబట్టి వంచితే వంగుతుంది, పీచు అడ్డం పడుతుంది కాబట్టి చీల్చబోతే చీలదు. అడవులకూ వడ్రంగులకూ కొదవలేని సోవియట్ రష్యా తొలి రోజుల్లో దీన్నే నమ్ముకుంది. అలెగ్జాండ్రోవ్, కాలినిన్ కలిసి 1924లో ఏకే-1 అనే చిన్న ప్రయాణికుల విమానం కట్టారు. కట్టింది ఒక్కటే, పేరు 'లాత్వియా రైఫిల్‌మన్'. మరుసటి ఏడాది మాస్కో నుంచి బీజింగ్‌కు బయలుదేరిన విమానాల్లో అదీ ఉంది.

ఆ బృందంలోనే ఆర్-1లు కూడా ఉన్నాయి. అవి బ్రిటిష్ డీహెచ్-9ఏకు సోవియట్ నకళ్లు. ఆ అసలు డీహెచ్-9ఏల్లో కొన్నింటి మీద మన హైదరాబాద్ పేరుంది.

అపోహ: నిజాం విమానాలు హైదరాబాద్‌లో ఎగిరాయి.

మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో బ్రిటన్‌లో 110వ స్క్వాడ్రన్‌కు తొలి డీహెచ్-9ఏ విమానాలు కొనిచ్చింది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖానే. ఒక్కోదాని మీద ఆయన కానుక అని రాయించారు. దళం పేరులో 'హైదరాబాద్' చేరింది. కానీ అవి ఇంగ్లండులో తయారై, 1918 సెప్టెంబరు నుంచి ఫ్రాన్స్ మైదానాల్లో లేచి జర్మనీ మీద బాంబులు వేశాయి. చార్మినార్ నీడ కూడా చూడలేదు. వాటిలో ఎఫ్1010 జర్మన్లకు చిక్కి, బెర్లిన్‌లో ప్రదర్శనకెక్కి, పోలండ్‌కు చేరి, చివరికి బ్రిటిష్ వైమానిక దళ మ్యూజియానికి వచ్చింది. దారిలో రెక్కలు పోగొట్టుకుంది.

అపోహ: మన ఎండావానలకు జిగురు ఊడి మస్కిటో విమానాలు కూలాయి.

ఇది మాత్రం విమానాల సంగతి తెలిసినవాళ్లు కూడా చెప్పే మాట. రెండో యుద్ధంలో బ్రిటన్ ప్లైవుడ్, బాల్సాలతో కట్టిన మస్కిటో అప్పటి అతివేగ విమానాల్లో ఒకటి. చేతగాక చెక్క పట్టుకున్నారనే మాట అక్కడే తేలిపోతుంది. 1944 చివర్లో అదే 110వ హైదరాబాద్ స్క్వాడ్రన్ ఇండియాలో మస్కిటోలకు మారింది. ఆ రోజుల్లోనే తూర్పు రంగంలో కొన్ని కూలాయి. రెక్క పైతొడుగు లోపలి దూలం నుంచి లేచిపోతోందని అనుమానించారు. పాలలోని కేసిన్‌తో చేసిన జిగురు ఎండకు పగిలిందన్నారు. ఇంగ్లండు నుంచి వచ్చిన తయారీ కంపెనీ బృందం జిగురుది తప్పు కాదు, వర్షాకాలంలో చెక్క కుదించుకుపోయిందని తేల్చింది. మొత్తానికి నింద మన వానల మీదే పడింది!

తర్వాతి విచారణలు మాత్రం తయారీలోనే లోపం పట్టుకున్నాయి. అతుకులు సరిగా కూర్చలేదు. మన వర్షాకాలం మొహం చూడని, చెద అంటని మస్కిటోల్లోనూ ఇంగ్లండులో అవే లోపాలు బయటపడ్డాయి.

వడ్లాయన ఇదంతా విని, మరి బాగెట్ల చేసిన్రని అడిగాడు. రెక్క పొడుగునా ఆ అతుకు మూసేలా ప్లైవుడ్ పట్టీ వేశారని చెప్పాను.

"గదే మరి," అన్నాడు, టేపు చుట్టేస్తూ. "జాయింట్ మీద పట్టీ కొట్టకుంటే ఏ అల్మరా అయినా నోరు తెరుస్తది."