ఫోనులో చూసిన డైట్ మీకు సరిపోతుందా?

మొదలుపెట్టక ముందు వేసుకోవలసిన ఆరు ప్రశ్నలు



షుగర్ ఓ.పి.లో బి.పి. చూస్తూ "మాత్రలు సరిగా వేసుకుంటున్నారా?" అని అడిగితే ఈ మధ్య తరచుగా ఒకే జవాబు వినిపిస్తోంది. "లేదు సిస్టర్, ఫోనులో చూసి డైట్ చేస్తున్నా. మాత్రలు ఆపేసినా." వారిలో కొందరు నాలుగు కిలోలు తగ్గామని సంతోషంగా వస్తారు. కొందరిని ఇంటివారు ఆటోలో పడుకోబెట్టి తీసుకొస్తారు. ఇద్దరూ చూసింది ఒకే వీడియో కావచ్చు. తేడా వీడియోలో లేదు, చూసిన మనిషి శరీరంలో, వాడే మందుల్లో ఉంది. అందుకే ఈ నెల ఈ విషయం రాస్తున్నాము.

బరువు తగ్గాలనుకోవడం మంచిదే. 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనం ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి షుగర్ వ్యాధి ఉంది. నడుము చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడవలసిందే. అయితే ఏ దారిన తగ్గాలన్నదే ప్రశ్న.

మన తెలుగువారు చూసిన డైట్లు

మనకు ఇది కొత్త కాదు. మంతెన సత్యనారాయణ రాజు గారు ఉప్పు, నూనె లేని వంటను టీవీ ద్వారా ఇంటింటికీ చేర్చారు. 2017, 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి విధానం యూట్యూబ్ ద్వారా ఊరూరా పాకింది. అన్నం, రొట్టె, పండ్లు మానేసి రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు తీసుకోవాలన్నది దాని సారం. వైద్యులకూ ఆ విధానాన్ని పాటించేవారికీ మధ్య అప్పట్లో పెద్ద చర్చలే జరిగాయి. ఆ తరువాత ప్రొద్దుటూరులో పుట్టిన ఖాదర్ వలీ గారు కొర్రలు, సామలు, అరికెలు వంటి సిరిధాన్యాలు తినమని చెప్పి పేరు పొందారు. ఆయనకు 2023లో పద్మశ్రీ ప్రకటించారు.

ఒకరు నూనె వద్దంటారు. ఒకరు నూనె తాగమంటారు. ఇంకొకరు ధాన్యం మార్చమంటారు. ఒకదానికొకటి పొసగని ఈ మూడింటిలోనూ బరువు తగ్గినవారు ఉన్నారు. ఎందుకని? మూడింటిలోనూ చక్కెర, మైదా, బేకరీ తిండి పోయాయి, తెల్లన్నం తగ్గింది లేదా మానేశారు. చాలామందికి మేలు చేసింది ఆ మార్పే. దానికి ఎవరికీ డబ్బు కట్టనక్కరలేదు.

పిండిపదార్థం బాగా తగ్గించి కొవ్వు పెంచే కీటో ఆహారాన్ని 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ మూర్ఛ రోగుల కోసం ప్రతిపాదించారు. అంటే అది పుట్టుకతోనే డాక్టరు కనుసన్నల్లో నడవవలసిన వైద్యం.

ఆరు ప్రశ్నలు

1. మీ జబ్బు గురించి, మీ మందుల గురించి అడిగారా? వయసు, ఎత్తు, బరువు మాత్రమే అడిగి అందరికీ ఒకే పట్టిక పంపితే అది మీకోసం తయారైనది కాదు.

2. మందులు ఆపమంటున్నారా? అలా అంటే అక్కడే ఆపేయండి. ఆహారం మారినప్పుడు మందు తగ్గించవలసి రావచ్చు, కానీ ఆ పని మీ రక్తపరీక్ష చూసిన డాక్టరుదే. చిన్న వయసులో వచ్చే టైప్-1 షుగర్ వారు ఇన్సులిన్ ఒక్కరోజు మానినా ప్రాణాపాయమే.

3. ఏదైనా అమ్ముతున్నారా? వీడియో చివర పొడి డబ్బా, షేక్, "నెల రోజుల ప్యాకేజీ" కనబడితే, ఆ సలహా మీ ఆరోగ్యం కోసమా, వారి వ్యాపారం కోసమా అని ఆలోచించండి. కిడ్నీ జబ్బు ఉన్నవారికి ప్రొటీన్ పొడి హాని చేయవచ్చు.

4. ఎంత త్వరగా తగ్గిస్తామంటున్నారు? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది వారానికి సుమారు అరకిలో. "పది రోజుల్లో పది కిలోలు" అంటే తగ్గేది చాలావరకు నీరు, కండ.

5. ఆ వంట మీ ఇంట్లో సాగుతుందా? అవకాడో, ఆలివ్ నూనె, ఓట్స్ మన సంతలో దొరకవు, దొరికినా కొనలేము. ఇంటిల్లిపాదికీ ఒక వంట, మీకు ఒక వంట ఎన్నాళ్లు వండుతారు? ఏడాది తరువాత కూడా చేయగలిగినదే మీకు సరిపోయే డైట్.

6. మీ పనికి ఆ వ్యాయామం తగినదేనా? కుర్చీలో కూర్చుని పనిచేసేవారు వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవాలి. పొద్దంతా వేరుశనగ చేలో వంగి కలుపు తీసే అక్కకు పదివేల అడుగుల లెక్క ఎందుకు? ఆమెకు కావలసింది పప్పు, గుడ్డు, ఆకుకూర, విశ్రాంతి. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత ఉంది. అలాంటివారు పస్తులుండే డైట్ చేస్తే మంచానికే పరిమితమవుతారు.

డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడనివారు

- ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారు. తిండి తగ్గించి మందు అలాగే వేసుకుంటే షుగర్ పడిపోతుంది.
- డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవారు. వీటితో కీటో ఆహారం చేస్తే రక్తంలో ఆమ్లం పెరగవచ్చు. అప్పుడు గ్లూకోమీటరులో షుగర్ పెద్దగా పెరిగినట్లు కనబడకపోవచ్చు.
- గుండె బలహీనత, కిడ్నీ జబ్బు ఉన్నవారు. రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు వీరికి ఆయాసం, వాపు తెస్తాయి.
- మూత్రం ఎక్కువగా పోయే బి.పి. మాత్ర వాడేవారు. ఉప్పు పూర్తిగా మానితే, అందులోనూ మన ఎండల్లో, సోడియం పడిపోయి తికమక పడతారు. రోజుకు 5 గ్రాములు దాటకుండా తగ్గించడం వేరు, మానేయడం వేరు.
- గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు.

శ్రమదినాల్లో ఉపవాసముండే సంఘస్థులకూ ఇదే మాట. మాత్రల వేళలు ముందుగా మాట్లాడుకుని ఉపవాసం మొదలుపెట్టండి.

ఈ లక్షణాలు కనబడితే ఆలస్యం వద్దు

చెమటలు, వణుకు, గుండెదడ, తికమక ఉంటే షుగర్ పడిపోయినట్లు భావించండి. తెలివి ఉంటే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వండి. 15 నిమిషాల్లో తేరుకోకపోతే మళ్లీ ఇచ్చి ఆసుపత్రికి బయలుదేరండి. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు, 108కి ఫోన్ చేయండి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కలిసి వస్తే షుగర్ ఎంత ఉన్నా ఆసుపత్రికి రావాలి.

మన పళ్లెంలోనే ఉంది

వాన తక్కువైన మన సీమ మెట్ట పంటలనే మనకు ఇచ్చింది. జొన్నరొట్టె, రాగి సంగటి, కొర్రన్నం, ఉలవలు, అలసందలు మన పెద్దల తిండి. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. అయితే కొర్రలు మందు కాదు. 100 గ్రాముల కొర్రల్లోనూ సుమారు 60 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. "సిరిధాన్యమే కదా" అని రెండు పళ్లేలు తింటే షుగర్ పెరుగుతుంది. సంగటి ముద్ద ఒకటి చాలు, మిగతా పళ్లెం పప్పు, కూరలతో నింపండి.

నూనె, నెయ్యి కలిపి మనిషికి రోజుకు 20 నుంచి 30 గ్రాములు సరిపోతాయి. 100 గ్రాముల నూనె తాగితే ఒక్క దానిలోనే 900 కేలరీలు. ఉగ్గాణి తినండి, పక్కన బజ్జీలు మాత్రం పండుగకు ఉంచుకోండి. ఓళిగలకూ అంతే.

మొదలుపెట్టాలనుకుంటే

ముందు బరువు, నడుము కొలత, బి.పి., షుగర్, హెచ్‌బి.ఎ1సి., క్రియాటినిన్ చూపించుకుని ఒక పుస్తకంలో రాసుకోండి. మీరు చూసిన వీడియోను ఫోనులోనే ఉంచి, వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకుని ఓ.పి.కి రండి. ఎవరూ కోప్పడరు. మీతోపాటు కూర్చుని చూస్తాము. అందులో మీకు పనికొచ్చేది ఏది, వదిలేయవలసినది ఏది అని గీత గీసి చెబుతాము. మూడు నెలల తరువాత మళ్లీ అవే పరీక్షలు చేయించుకుంటే, ఆ డైట్ మీకు సరిపడిందో లేదో మీ పుస్తకమే చెబుతుంది.

మందు ఆపాలన్న ఆలోచన వచ్చిన రోజున మాత్రం ముందు మా దగ్గరకు రండి, తరువాతే ఆపండి.

— నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సింగ్ విభాగం తరఫున