మాత్ర కంటే ముందు ఉప్పు డబ్బా చూడండి!

"అణు ప్రమాదం జరిగితే పిల్లలకు అయొడిన్ బిళ్ల వేయాలట కదా! ముందే కొని పెట్టుకుందామా?"

నాగార్జునసాగర్ పక్కనున్న లంబాపూర్, పెద్దగట్టు యురేనియం గనుల మాట వచ్చినప్పుడల్లా మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ తల్లులకు ఈ సందేహం కలగడం సహజమే. 2003లో ప్రజాభిప్రాయ సేకరణ నాడు జనం ఆ గనులను గట్టిగా వ్యతిరేకించారు. అయితే గని దుమ్ముకు ఈ బిళ్ల మందు కాదు. ఇది అడ్డుకునేది రేడియోధార్మిక అయొడిన్‌ను మాత్రమే. అది పుట్టేది అణు రియాక్టర్లలో. మనకు దగ్గరివనుకునే కైగా, కల్పాక్కం కేంద్రాలు కూడా వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి.

పిల్లలకే ఎందుకు ముప్పు?

1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ రియాక్టర్ పేలింది. విషం గడ్డి మీద పడింది, ఆవు మేసింది, పాలలోకి వచ్చింది. ఆ పాలు తాగిన పిల్లల్లో ఎందరికో తర్వాత థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది. పక్కనున్న పోలండ్ వెంటనే కోటి మందికి పైగా పిల్లలకు అయొడిన్ ద్రావణం తాగించింది. మంచి అయొడిన్‌తో గ్రంథి ముందే నిండిపోతే చెడ్డదానికి చోటుండదు. అంతే కిటుకు!

ఎంత? ఎప్పుడు?

పొటాషియం అయొడైడ్ నెలలోపు పసికందుకు 16 మిల్లీగ్రాములు, మూడేళ్ల లోపు 32, పన్నెండేళ్ల లోపు 65, ఆపైన 130. అధికారులు చెప్పినప్పుడే వేయాలి. ముందుగానో, గాలి సోకిన ఒకటి రెండు గంటల్లోనో వేస్తేనే బాగా పనిచేస్తుంది. సొంతంగా వేస్తే, ముఖ్యంగా పసికందుల్లో, థైరాయిడ్ మందగించవచ్చు. గాయాలకు పూసే అయొడిన్ మాత్రం ఎన్నడూ తాగించకండి.

మరి ఇంట్లో చేయగలిగింది?

చెర్నోబిల్ పరిసరాల్లో తిండిలో అయొడిన్ తక్కువ. ఆకలి మీదున్న గ్రంథి విషాన్ని మరింత ఆబగా పీల్చుకుంది. అందుకే మన జాగ్రత్త వంటింట్లో మొదలవ్వాలి. చవకని అయొడిన్ లేని దొడ్డుప్పు వాడుతున్నారా? పొట్లం మీద అయొడిన్ గుర్తు చూసి కొనండి. మూత బిగించి పెట్టండి. కూర దించే ముందు వేయండి. ప్రమాదం ఉన్నా లేకపోయినా పిల్లల ఎదుగుదలకు, చదువుకు అయొడిన్ కావాల్సిందే.

అలాగని ఉప్పే బిళ్ల అనుకోకండి. కిలో ఉప్పులో ఉండాల్సిన అయొడిన్ కనీసం 15 మిల్లీగ్రాములు. పెద్దల బిళ్ల ఒక్కదానికి సమానం కావాలంటే ఆరు కిలోలకు పైగా ఉప్పు తినాలి! రోజూ చిటికెడే మేలు. బిళ్ల సంగతి అవసరం వచ్చిన నాడు డాక్టరు చెబుతాడు. ఉప్పు డబ్బా సంగతి చూడాల్సింది మాత్రం మీరే.