జలాశయంలో మునగని రైతు ఇల్లు



ఇల్లు కదలదు అనుకుంటాం. కానీ ఇంగ్లండులో ఒక రైతు ఇంటిని 1968-69లో విప్పారు. దుంగదుంగకూ గుర్తు పెట్టి, కెంట్ కౌంటీ నుంచి వెస్ట్ ససెక్స్ కౌంటీకి తరలించి, 1972లో మళ్ళీ నిలబెట్టారు. కౌంటీ అంటే మన జిల్లాలాంటిది. ఆ ఇంటి పేరు బేలీఫ్. వయసు దాదాపు 600 ఏళ్ళు.

ఎందుకు విప్పారు? కెంట్‌లో చిడింగ్‌స్టోన్ దగ్గర బౌ బీచ్ అనే చోట తాగునీటి కోసం జలాశయం కట్టారు. ఆ లోయలో ఉన్న ఇల్లు మునిగిపోవాలి. అదే రోజుల్లో సింగిల్టన్ అనే ఊళ్ళో రాయ్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఆయన చొరవతో పాత ఇళ్ళకోసమే ఒక ఆరుబయలు మ్యూజియం ఏర్పడుతోంది. అది 1970లో తెరుచుకుంది. ఇప్పుడు దాన్ని వీల్డ్ అండ్ డౌన్‌ల్యాండ్ లివింగ్ మ్యూజియం అంటున్నారు. బేలీఫ్ అక్కడికి చేరింది.

ఇది చదువుతుంటే మనకు నాగార్జునకొండ గుర్తుకు రాక మానదు. సాగర్ నీళ్ళు రాకముందే అక్కడ తవ్వి తీసిన స్తూపాలను, విహారాలను కొండ మీదికీ, అనుపుకీ తరలించి పునర్నిర్మించారు. శ్రీశైలం ప్రాజెక్టు కట్టినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయం అలంపూర్ చేరింది. మంచి పనులే. అయితే అవి గుడులు, ఆరామాలు. బేలీఫ్ గుడి కాదు, కోట కాదు. అరక కట్టి దున్నుకున్నవాడి ఇల్లు. అందుకే దాని గురించి రాయాలనిపించింది.

మధ్యయుగాల రైతుకు ఆరు వందల ఏళ్ళు నిలిచే ఇల్లు ఎలా సాధ్యమైంది? దీనికి జవాబు ఒక మహమ్మారిలో ఉంది. 1348-49లో ఇంగ్లండులో ప్లేగు వచ్చింది. జనాభాలో మూడో వంతు నుంచి సగం దాకా చనిపోయారని చరిత్రకారుల అంచనా. పొలాలు మిగిలాయి, చేసే చేతులు తగ్గాయి. కూలీలు ఎక్కువ కూలి అడిగారు. భూస్వాములు ఒప్పుకుంటారా? ప్లేగుకు ముందున్న కూలికే పని చేయాలని 1351లో చట్టమే తెచ్చారు! అయినా పనివాళ్ళు దొరకనప్పుడు చట్టం మాత్రం ఏం చేస్తుంది? 1381లో, తలపన్ను మీద కోపంతో కెంట్, ఎసెక్స్ కౌంటీల జనం లండన్ మీదికి నడిచారు. కెంట్ వాళ్ళకు నాయకుడు వాట్ టైలర్. అతన్ని చంపి, తిరుగుబాటును అణచేశారు. కానీ దొర పొలంలో వెట్టి చేయాల్సిన బానిస రైతు స్థితి తర్వాతి తరాల్లో క్రమంగా సన్నగిల్లింది. భూమి కౌలుకు దొరికింది. కాస్త నిలదొక్కుకున్న రైతులు, వాళ్ళ భాషలో యోమన్‌లు, గట్టి ఇళ్ళు కట్టుకోవడం మొదలుపెట్టారు. బేలీఫ్ అలాంటిదే. అందులో రెండు భాగాలు 1405-1430 మధ్య కట్టినవి. మూడో భాగం 1510 ప్రాంతానిది.

ఇక ఇల్లు చూద్దాం. పొడవాటి ఇల్లు, మధ్యలో హాలు. ఆ హాలుకు అటక లేదు, నేల మీద నుంచి చూస్తే తిన్నగా పైకప్పు వాసాలే కనిపిస్తాయి. ఒక పక్కన రెండు చిన్న గదులు. ఒక దాంట్లో రొట్టె, తిండి సామాను దాచేవారు. రెండో దాంట్లో ఏల్ అనే బార్లీ బీరు పీపాలు ఉండేవి. హాలుకు రెండో పక్కన యజమాని కుటుంబం గది. ఈ రెండు కొసల్లోనూ మేడగదులు ఉన్నాయి. ఆ మేడగదులు ముందు గోడను దాటి వీధివైపు పొడుచుకు వస్తాయి. మధ్య హాలు మాత్రం లోపలికి ఉండిపోతుంది. కానీ పైకప్పు ఒకటే, ఈ కొస నుంచి ఆ కొసకు తిన్నగా ఉంటుంది. వీల్డ్ అనే అడవి ప్రాంతంలో ఇవి ఎక్కువ కాబట్టి ఈ రకాన్ని వీల్డెన్ ఇల్లు అంటారు.

హాలులోనూ పై కొస, కింది కొస ఉన్నాయి. పై కొసన యజమాని బల్ల వేసుకుని కూర్చునేవాడు. పనివాళ్ళు నడవ ఉన్న కింది కొస వైపు. ఒకే కప్పు కింద, ఒకే మంట చుట్టూ కూర్చున్నా ఎవరి చోటు వారిదే. ఆ మాటకొస్తే ఎక్కడ కూర్చోవాలో చెప్పే ఇళ్ళు మనకూ కొత్త కాదు.

మంట అన్నాను కదా. పొయ్యి హాలు మధ్యలో, నేల మీదే. పొగగొట్టం లేదు! పొగ పైకి లేచి పెంకుల సందుల్లోంచి, కప్పు కొసన వదిలిన ఖాళీల్లోంచి పోవాలి. కిటికీలకు అద్దాలు లేవు, నిలువు కర్రలు, లోపల చెక్క తలుపులు మాత్రమే. చలికి తలుపు మూస్తే చీకటి, తెరిస్తే చలి. కట్టెల పొయ్యి దగ్గర కళ్ళు మండిన మన అమ్మలకు ఈ సంగతి వివరించనక్కరలేదు. విలియం హారిసన్ అనే మతాచార్యుడు 1577లో అచ్చయిన తన పుస్తకంలో, తమ కాలంలో వచ్చిన మార్పుల గురించి ఊరి ముసలివాళ్ళు చెప్పుకున్న మూడు సంగతులు రాశాడు. ఒకటి, పొగగొట్టాలు పెరగడం. రెండు, గడ్డి పరుపు పోయి మంచి పడకలు రావడం. మూడు, చెక్క పళ్ళేలకు బదులు లోహపు పళ్ళేలు రావడం.

పాత ఇళ్ళ వాసాలకు పట్టిన ఆ మసే ఇప్పుడు సాక్ష్యం. తర్వాతి కాలంలో అటక వేసి హాలును మూసేసినా, పైన వాసాలు నల్లగా ఉంటే ఒకప్పుడు అక్కడ పొయ్యి ఉండేదని తెలిసిపోతుంది.

గోడలు మనకు తెలిసినవే. కర్ర చట్రం మధ్య తడిక అల్లి, మట్టిలో గడ్డి, పేడ కలిపి మెత్తడం. బరువు మోసేది మాత్రం ఓక్ చెక్క. చెట్టు కొట్టి, పచ్చిగా ఉండగానే చెక్కేవారు. ఎండితే ఓక్ ఇనుములా గట్టిపడుతుంది, ఉలి దిగదు. ఒక దుంగ చివరను నాలుకలా చెక్కి, రెండో దుంగలో తొలిచిన గూట్లో దూర్చి, అడ్డంగా చెక్క చీల కొట్టేవారు. వడ్రంగులు చట్రాన్ని ముందు నేల మీద పరిచి అమర్చి చూసుకునేవారు. ఏది ఏ జతకో తెలియడానికి గీతల గుర్తులు పెట్టి, విప్పి, బండ్ల మీద తెచ్చి నిలబెట్టేవారు. అంటే ఈ ఇల్లు పుట్టడమే విప్పి కట్టేలా పుట్టింది. అయిదు శతాబ్దాల తర్వాత దాన్ని కాపాడింది ఆ పనితనమే.

కట్టిన ఏడాది చెప్పేదీ ఆ చెక్కే. చెట్టు ఏటా ఒక వలయం పెంచుకుంటుంది. వానలు బాగా కురిస్తే వెడల్పుగా, కరువైతే సన్నగా. ఆ వరుసను తేదీలు తెలిసిన పాత చెక్కల వరుసతో పోలిస్తే చెట్టు ఎప్పుడు కొట్టారో తేలుతుంది. పచ్చి చెక్కతో కట్టారు కాబట్టి ఇల్లు కట్టిందీ ఇంచుమించు అప్పుడే.

ఒక విషయంలో మాత్రం నాకు సందేహం ఉంది. తర్వాతి తరాలు ఆ ఇంట్లో చేసుకున్న మార్పులను మ్యూజియంవారు తీసేసి, పాత రూపానికి తెచ్చారు. చూసేవారికి అది సులభంగా అర్థమవుతుంది, నిజమే. కానీ పొగ బాధ తప్పించుకున్న తరాల కథ అక్కడ కొంత చెరిగిపోయింది.

మరి యోమన్ పొలంలో పనిచేసిన కూలీల ఇళ్ళేవి? అంతటి బలమైన చెక్క వాళ్ళకెక్కడిది! అదే మ్యూజియంలో ఒక చిన్న ఇల్లుంది. బ్రైటన్ దగ్గర హ్యాంగిల్టన్ అనే పాడుబడ్డ ఊరిని 1950ల్లో తవ్వినప్పుడు బయటపడిన 13వ శతాబ్దపు ఇళ్ళ ఆనవాళ్ళను బట్టి కట్టినది. చెకుముకి రాళ్ళ గోడలు, రెండు గదులు, ఒక పొయ్యి. నేలలో దొరికింది గోడల అడుగు భాగమే. దాని పైన మనకు కనిపించే కప్పంతా నిపుణుల ఊహ.