స్విచ్ పేరు, స్విచ్ గడియారం

కార్యాలయంలోని కంప్యూటర్లు, ప్రింటర్లు, కెమెరాల తీగలన్నీ వచ్చి చేరే పరికరాన్ని నెట్‌వర్క్ స్విచ్ అంటారు. కరెంటు ఇచ్చి తీగలు తగిలించగానే అది పని మొదలుపెడుతుంది కనుక, దానికి పేరు పెట్టడం, గడియారం సరిచేయడం అనే రెండు పనులను చాలామంది వాయిదా వేస్తారు. ఏదైనా చెడిపోయిన రోజున మాత్రం మొదట వెతికేది ఏ స్విచ్, ఏ సమయం అన్న ఈ రెండింటినే.

ముందుగా పేరు సంగతి: ఒకే చోటికి పలు పేర్లుండవచ్చు. ఆమదాలవలసలో ఉన్న రైల్వే స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్, దాని కోడ్ ‘సీహెచ్ఈ’. ఆ కోడ్‌లో చికాకోల్ అనే బ్రిటిషు కాలపు పేరు ఇప్పటికీ నిలిచి ఉంది. ఈ మూడింటి సంబంధం స్థానికులకు అలవాటే గాని, విశాఖపట్నంలో కూర్చొని తెర మీద హెచ్చరిక చూసే ఇంజినీరుకు అక్కడి స్విచ్ పేరొక్కటే ఆధారం. సిస్కో కంపెనీ స్విచ్‌లు సాధారణంగా ‘స్విచ్’ అనే ఒకే పేరుతో వస్తాయి కాబట్టి, కాన్ఫిగరేషన్ మోడ్‌లోకి వెళ్లి ‘హోస్ట్‌నేమ్’ అనే ఆదేశం పక్కన ఊరు, భవనం, అంతస్తు తెలిసేలా ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, అడ్డగీతలతో ఖాళీల్లేని పేరు రాయాలి. దాన్ని స్టార్టప్ కాన్ఫిగరేషన్‌లో భద్రపరచకపోతే స్విచ్ మళ్లీ మొదలైనప్పుడు ఆ పేరు పోతుంది.

గడియారం సంగతి ఇంకా సున్నితమైనది. సమయాన్ని నిలిపి ఉంచే బ్యాటరీ లేని సిస్కో స్విచ్‌లు కరెంటు పోయి వచ్చినప్పుడల్లా 1993 మార్చి 1 నుంచి లెక్క మొదలుపెడతాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటి, శ్రీకాకుళం జిల్లాలో కరెంటు స్తంభాలను కూల్చివేసింది. అలాంటి రోజుల్లో ముందు తెగింది కేబులా, పోయింది కరెంటా అని తేల్చవలసిన లాగ్‌లో, అంటే స్విచ్ తనకు తానుగా రాసుకునే సంఘటనల చిట్టాలో, 1993 నాటి తేదీలుంటే ఏ వరుసా తేలదు. ‘క్లాక్ సెట్’ ఆదేశంతో చేత్తో దిద్దిన సమయం కూడా ఇలాంటి స్విచ్‌లో తర్వాతి కరెంటు కోత దాకానే నిలుస్తుంది.

అందుకే అమెరికాలో డేవిడ్ మిల్స్ రూపొందించిన, 1985లో తొలి నిర్దేశపత్రం వెలువడిన ఎన్‌టీపీ పద్ధతిని వాడతారు. ఇందులో స్విచ్ సమయ సర్వరుకు ప్రశ్న పంపి, ప్రశ్న బయలుదేరిన, సర్వరుకు చేరిన, జవాబు బయలుదేరిన, తిరిగి వచ్చిన నాలుగు క్షణాలనూ పోల్చి, దారిలో పట్టిన ఆలస్యాన్ని, తన గడియారంలోని తేడాను లెక్కగట్టుకుంటుంది. అలా అందేది అంతర్జాతీయ సమయం కాబట్టి, దానికి 5 గంటల 30 నిమిషాలు కలపాలని టైమ్‌జోన్ ఆదేశంతో వేరుగా చెప్పాలి. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ దగ్గరగా సాగుతుంది. ఆమదాలవలసలో సూర్యుడు ఆ రేఖ మీది ఊళ్లకంటే సుమారు అయిదున్నర నిమిషాల ముందే నడినెత్తికి వస్తాడు. అయినా స్విచ్‌లన్నీ ఒకే కాలాన్ని చూపినప్పుడే వాటి లాగ్‌లను పక్కపక్కన పెట్టి చదవగలం.

2022 ఏప్రిల్ 28న భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ జారీచేసిన ఆదేశాలు, సంస్థలు తమ గడియారాలను నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల సర్వర్లతోనో, వాటితో సరిచూసుకునే సర్వర్లతోనో కలపాలని, లాగ్‌లను 180 రోజులు దాచాలని చెప్పాయి. సిస్కో స్విచ్‌లో ‘షో క్లాక్’ అని అడిగినప్పుడు సమయానికి ముందు నక్షత్రం గుర్తు కనిపిస్తే, ఆ సమయం ఇంకా నమ్మదగినది కాదని అర్థం. అప్పుడు సర్వరు చిరునామాను, అక్కడికి వెళ్లే దారిని, మధ్యలోని ఫైర్‌వాల్ ఎన్‌టీపీ వాడే యూడీపీ 123వ పోర్టును అనుమతిస్తున్నదో లేదో పరిశీలించాలి.