అభయమిచ్చిన చోటే వేట! మరి లెక్క రాసేదెవరు?

"అభయారణ్యం" అనే మాటలోనే అభయం ఉంది. కొల్లేరులోనో నేలపట్టులోనో తుపాకీతో అడుగుపెడితే ఏమవుతుందో మనలో ఎవరికీ చెప్పక్కర్లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు మన దేశంలో సరదాకి వేటాడటం నేరం. అందుకే అమెరికాలో "నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్"లో వేట సీజన్ కూడా ఉంటుందని వింటే, "అదేంటి, రెఫ్యూజ్ అంటే శరణు ఇచ్చే చోటు కదా!" అనిపిస్తుంది. ఆ అనుమానం న్యాయమైనదే. ఆ ఏర్పాటు ఎలా నడుస్తుందో చూద్దాం.

మొదటి రెఫ్యూజ్ పుట్టింది వేటని ఆపడానికే. టోపీలకి అలంకారంగా పెట్టే ఈకల కోసం ఫ్లోరిడాలో పక్షుల్ని కుప్పలుగా చంపేస్తుంటే, 1903లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ పెలికాన్ ఐలాండ్‌కి రక్షణ ప్రకటించాడు. ఇప్పుడు ఇలాంటివి 560కి పైగా ఉన్నాయి. వాటిలో 400కి పైగా చోట్ల ఏదో ఒక రకం వేటకి అనుమతి ఉంది. 1997 నాటి చట్టం వేట, చేపలు పట్టడం, జంతువుల్ని చూడటం, ఫొటోలు తీయడం, పర్యావరణ విద్య, ప్రకృతి గురించి వివరించి చెప్పడం అనే ఆరింటికి ప్రాధాన్యం ఇచ్చింది. అయితే ఒక షరతు ఉంది. ఆ రెఫ్యూజ్ ఏ ప్రాణుల కోసం ఏర్పడిందో, వాటికి ఈ పని అడ్డు కాకూడదు. వలస పక్షుల రక్షణకే అని కొన్న భూముల్లోనైతే, మామూలుగా 40 శాతానికి మించి ఆ పక్షుల వేటకి తెరవకూడదు.

ఇందులో డబ్బు కోణం కూడా ఉంది. 1934 నుంచి అక్కడ "డక్ స్టాంప్" అమ్ముతున్నారు. 16 ఏళ్లు నిండిన ఎవరైనా నీటిపక్షుల్ని వేటాడాలంటే అది కొనాల్సిందే. ఇప్పుడు దాని ధర 25 డాలర్లు. వచ్చిన ప్రతి డాలర్‌లో 98 సెంట్లు చిత్తడి నేలల్ని కొనడానికి, కాపాడటానికి వెళ్తాయి. అంటే పక్షులు వాలే నేలలో కొంత భాగానికి డబ్బు కట్టింది వేటగాళ్లే అన్నమాట.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 1964లో అలాస్కాలో 9.2 తీవ్రతతో భూకంపం వచ్చింది. కాపర్ రివర్ డెల్టా నేల సుమారు 2 మీటర్లు పైకి లేచింది. డస్కీ కెనడా గూస్ అనే పెద్దబాతు గూడు కట్టుకునేది అక్కడే. తడి నేల ఆరిపోయి పొదలు పెరిగాయి, గుడ్లనీ పిల్లల్నీ తినే జంతువులకి దారి సులువైంది. కనీసం చలికాలపు మజిలీ అయినా భద్రంగా ఉండాలని 1965లో వాషింగ్టన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్‌కి ఉత్తరాన కొలంబియా నది ఒడ్డున రిడ్జ్‌ఫీల్డ్ రెఫ్యూజ్ పెట్టారు.

ఆ రిడ్జ్‌ఫీల్డ్‌లో కూడా వేట ఉంది! బాతుల్నీ, వేరే రకం గూస్‌లనీ కొట్టొచ్చు, డస్కీని మాత్రం కొట్టకూడదు. చూడ్డానికేమో చాలావరకు ఒకేలా ఉంటాయి. అందుకే ఆ ప్రాంతంలో గూస్ వేటకి వెళ్లాలంటే ముందు వాటిని గుర్తుపట్టే పరీక్ష పాసవ్వాలి. నిబంధనల్లో డస్కీకి ఇచ్చిన నిర్వచనం చూస్తే మన ల్యాబ్ మాన్యువల్ గుర్తొస్తుంది. ముక్కు పొడవు 40 నుంచి 50 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, ఛాతీ ఈకల రంగు మన్సెల్ చార్ట్‌లో ఒక స్థాయికి ముదురుగా ఉండాలి. రెండూ కలిస్తేనే అది డస్కీ.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఇలాంటి వేటని రోజూ నడిపించేదెవరు? సిబ్బంది తక్కువగా ఉన్న చాలా రెఫ్యూజ్‌లలో ఆ బరువు వాలంటీర్ల మీద పడుతుంది. తెల్లవారకముందే చెక్ స్టేషన్ తెరవాలి. లాటరీలో పేరొచ్చినవాళ్లకి మాటులు కేటాయించాలి. నీటిపక్షుల వేటలో సీసపు గుళ్లు 1991 నుంచి దేశమంతటా నిషేధం, కాబట్టి ఆ సంగతి గుర్తుచేయాలి. మనిషికి ఇన్ని తూటాలే అనే పరిమితి కొన్నిచోట్ల ఉంటుంది, అదీ చెప్పాలి. సాయంత్రం ఎవరు ఏ పక్షిని ఎన్ని తెచ్చారో రాసుకోవాలి. ఇంతా చేసి జీతం ఉండదు. జరిమానా వేసే అధికారమూ ఉండదు, అది అధికారుల పని. వాలంటీర్ చేతిలో ఉండేది పెన్ను, కాగితం, కాస్త మాట చెల్లుబాటు, అంతే.

ఆ కాగితం విలువ ఏంటో కంట్రోల్ సిస్టమ్స్ చదివినవాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. 1995 నుంచి అమెరికాలో బాతుల వేట నిబంధనల్ని ఫీడ్‌బ్యాక్ పద్ధతిలోనే నిర్ణయిస్తున్నారు. ఎన్ని పక్షులున్నాయి, ఎన్నింటిని వేటాడారు అనే లెక్కలు ఇన్‌పుట్. సీజన్ ఎన్ని రోజులు, రోజుకి ఎన్ని పక్షులు అనేది అవుట్‌పుట్. ఒక్కో రెఫ్యూజ్ స్థాయిలోనూ ఇదే తర్కం. సెన్సార్ తప్పు చూపిస్తే కంట్రోలర్ ఎంత గొప్పదైనా లాభం లేదు. ఇక్కడ ఆ సెన్సార్ చలిలో బల్ల ముందు కూర్చున్న మనిషి.

ఆ మనిషి తరచుగా తనూ వేటగాడే. మరి తనవాళ్ల లెక్కని తనే రాయడం ఎంతవరకు సబబు? ఈ ప్రశ్నని తోసిపుచ్చలేం. శరణు ఇచ్చిన చోట సరదాకి ప్రాణం తీయడమే తప్పని వాదించేవాళ్లు అమెరికాలోనూ ఉన్నారు. వాళ్లకి నిబంధనలు ఎంత పకడ్బందీగా ఉన్నా సమాధానం దొరకదు. ఇంకోవైపు, డస్కీ పోతే, లేదా పక్షులు పడిపోతే, ముందు మూతపడేది వేటే. అందుకే నిజాయితీ వేటగాడికి సరైన లెక్క సొంత అవసరం కూడా. ఈ ఏర్పాటు నిలబడింది ఆ అవసరం మీదే, చెదిరేదీ ఆ నిజాయితీ పోయినప్పుడే.

మనకి వేట అక్కర్లేదు, వద్దు కూడా. లెక్క మాత్రం మనకీ కావాలి. ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. మన దేశంలోనూ ఆ పని చాలావరకు వాలంటీర్లే చేస్తారు. కావాల్సింది ఒక బైనాక్యులర్, ఒక నోట్‌బుక్, పొద్దున్నే లేచే ఓపిక. మొదటి రెండూ అప్పు తెచ్చుకోవచ్చు. మూడోది హాస్టల్‌లో దొరకడమే కష్టం!