నప్పే సెంటు ఏది? అపోహలు – వాస్తవాలు

పెళ్ళిళ్ళ సీజన్ వచ్చిందంటే సెంటు కౌంటర్ల దగ్గర జనం గుమిగూడతారు. కాగితపు పట్టీల మీద ఏడెనిమిది రకాలు కొట్టించుకుని వాసన చూస్తారు. మూడోదానికే ముక్కు మొద్దుబారుతుంది. చివరికి సేల్స్‌ అమ్మాయి గట్టిగా చెప్పిందో, స్నేహితురాలు వాడుతోందో ఏదో ఒకటి కొనేసి ఇంటికొస్తారు. నెల తిరక్కుండా ఆ సీసా బీరువాలో ఓ మూలకి చేరుతుంది. సెంటు నాసిరకమైనందుకే ఇలా అవుతుందనుకోవడానికి లేదు. ఎంచుకునేటప్పుడు మనం నమ్మే మాటల్లో సగం ఉత్తవే కావడం అసలు కారణం. వేలు పోసి కొనేముందు వాటిలో ఏది నిజమో, ఏది కాదో తెలుసుకోవడం మంచిది.

"మన స్వభావానికి ఏ సెంటు నప్పుతుందో పట్టిక చూసి చెప్పొచ్చు"

చురుకైనవాళ్ళకి నిమ్మజాతి వాసనలు, నెమ్మదస్తులకి గులాబీ, గంభీరంగా ఉండేవాళ్ళకి ఊద్, ఫలానా రాశివాళ్ళకి ఫలానాది అంటూ పట్టికలు తిరుగుతుంటాయి. ఇవి సరుకు అమ్ముకోవడానికి పనికొస్తాయి, అంతే. ఎవరికి ఏ వాసన నచ్చుతుందన్నది వాళ్ళు పెరిగిన ఇంటిని బట్టి, తిన్న తిండిని బట్టి, ఆ వాసనతో ముడిపడ్డ జ్ఞాపకాలను బట్టి ఉంటుంది. అమ్మ జడలోని మల్లెలతో పెరిగిన పిల్లకి ఆ వాసన ఆప్యాయంగా తోస్తుంది. అదే వాసన చావింట్లో మనసుకి అంటుకున్నవాళ్ళకి దిగులు పుట్టిస్తుంది. ఇద్దరి స్వభావమూ ఒకటే కావచ్చు.

అలాగని సెంటుకీ మనిషికీ సంబంధమే లేదనుకుంటే అదీ పొరపాటే. 2012లో చెక్ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో పాల్గొన్నవాళ్ళు ఒక చంకలో తాము ఇష్టపడి వాడుకునే సెంటు, రెండో చంకలో పరిశోధకులు ఇచ్చిన సెంటు రాసుకుని దూది మెత్తలు పెట్టుకున్నారు. తర్వాత ఆ మెత్తలను వేరేవాళ్ళకిచ్చి వాసన చూడమన్నారు. సెంట్లను విడిగా చూసినప్పుడు హాయి విషయంలో వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఒంటి వాసనతో కలిశాక మాత్రం, ఎవరికి వాళ్ళు ఎంచుకున్న సెంటే ఎక్కువ హాయిగా ఉందని తేలింది. అంటే తన ఒంటి వాసనకు ఏది కలుస్తుందో మనిషి ముక్కుకి ఎంతో కొంత తెలుస్తోందన్నమాట. ఈ ఒక్క ఫలితం ముందు వంద పట్టికలు దిగదుడుపే అని నా నమ్మకం. పెళ్ళిరోజు కానుకగా సెంటు ఇవ్వాలనుకునేవాళ్ళు రహస్యం ఉంచకుండా ఆ మనిషినే షాపుకి వెంటబెట్టుకెళ్ళడం మేలని కూడా దీన్నుంచి నాకు అర్థమైంది.

"షాపులో ఒకసారి వాసన చూస్తే తెలిసిపోతుంది"

డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఈ నమ్మకం వల్లే. సెంటులో పదుల కొద్దీ పదార్థాలుంటాయి, అన్నీ ఒకే వేగంతో ఆవిరి కావు. నిమ్మ, నారింజ, బెర్గమాట్ లాంటివి ముందుగా లేచి పదీ ఇరవై నిమిషాల్లో వెళ్ళిపోతాయి. పూలవీ సుగంధద్రవ్యాలవీ ఆ తర్వాత రెండు మూడు గంటలు ఉంటాయి. గంధం, వట్టివేరు, వెనిలా, కస్తూరి లాంటి బరువైనవి చివరిదాకా, ఒక్కోసారి మర్నాటి దాకా ఒంటిని అంటిపెట్టుకుంటాయి. కొట్టిన రెండు నిమిషాల్లో నచ్చి బిల్లు కట్టేశామంటే, ఇంటికి చేరేసరికి మిగలని వాసనకే డబ్బిచ్చామన్నమాట.

కాగితం పట్టీ వల్ల ఒక ఉపయోగముంది. బొత్తిగా నచ్చనివాటిని అక్కడే తోసేయొచ్చు. మిగిలిన వాటిలో రెండింటిని ఎంచుకుని, ఒక్కో మణికట్టు మీద ఒక్కోటి కొట్టించుకుని బయటికి వచ్చేయాలి. ఎండలో నడవాలి, బస్సెక్కాలి, భోజనం చేయాలి. షాపులో ఏసీ ఉంటుంది, మన ఊళ్ళో ఉండదు. వేడికి సెంటు త్వరగా ఆవిరవుతుంది, ఒక్కసారిగా గుప్పుమంటుంది. చలిదేశాల్లో శీతాకాలం కోసం చేసిన తియ్యని, చిక్కని సెంటు విజయవాడ మే నెలలో పక్కవాళ్ళకి తలనొప్పి తెప్పిస్తుంది. మన అత్తరు వ్యాపారులకి ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. ఎండాకాలంలో వట్టివేరు, గులాబీ, మల్లె చూపిస్తారు. మసాలా దినుసులతో చేసే షమామా, హినా లాంటివి చలికాలానికి ఉంచుతారు.

షాపుల్లో కాఫీ గింజల గిన్నె పెట్టి, మధ్యమధ్యలో అది వాసన చూస్తే ముక్కు శుభ్రమవుతుందంటారు. 2011లో వచ్చిన ఒక పరిశోధనలో కాఫీ గింజలకీ మామూలు గాలికీ తేడా ఏమీ కనబడలేదు. బయటికెళ్ళి నాలుగు నిమిషాలు నిలబడినా అదే ఫలం.

"కొట్టుకున్నాక రెండు మణికట్లూ కలిపి రుద్దాలి"

చార్మినార్ దగ్గర అత్తరు దుకాణంలో ఈ అలవాటు రోజూ కనిపిస్తుంది. దుకాణదారు సీసా మూతకున్న గాజుపుల్లతో చెయ్యి వెనకవైపు సన్నగా ఒక గీత గీస్తాడు. కొనడానికి వచ్చినావిడ వెంటనే రెండో చేత్తో దాన్ని రుద్దేస్తుంది. "రుద్దకండమ్మా, కాసేపు అలాగే వదిలేయండి" అని అతను చెయ్యి ఆపుతాడు. రుద్దితే సెంటు అణువులు విరిగిపోతాయన్న మాట నిజం కాదు. అవి మనం చేత్తో విరిస్తే విరిగేవి కావు. రాపిడికి పుట్టే వేడికి పైపై వాసనలు తొందరగా ఎగిరిపోతాయి, రాసుకున్నదాంట్లో కొంత రెండో చేతికి అంటుకుపోతుంది. తడి ఆరేదాకా ఊరికే వదిలేస్తే చాలు.

"నా ఒంటికి సెంటు ఆగదు, నా పీహెచ్ అలాంటిది"

సెంటు ఒక్కొక్కరి ఒంటి మీద ఒక్కోలా ఉండటం నిజమే. ఆ తేడాను పీహెచ్ (చర్మపు ఆమ్ల గుణం) మీదికి నెట్టేయడానికి మాత్రం గట్టి ఆధారం లేదు. ఎక్కువ ప్రభావం చూపేవి చర్మంలోని జిడ్డు, తేమ, ఒంటి వేడి. పొడి చర్మం మీద సెంటు తొందరగా ఎగిరిపోతుంది, కాస్త జిడ్డుగా ఉంటే నిలుస్తుంది. స్నానం చేశాక వాసన లేని మాయిశ్చరైజర్‌గానీ, పిసరంత వ్యాజిలిన్‌గానీ రాసి, దానిమీద సెంటు కొడితే పొడి చర్మం మీద కూడా ఎక్కువసేపు ఉంటుంది. ఘాటైన పౌడరు మీదా, కొబ్బరినూనె మీదా కొట్టి, వాసన పాడైందని సెంటును తిట్టడం అన్యాయం.

ఇంకో సంగతి. కొట్టుకున్న అరగంటకి మనకి వాసన తెలియకపోతే సెంటు పోయిందని కాదు. ఒకే వాసన పక్కన ఉంటూ ఉంటే ముక్కు దాన్ని లెక్కచేయడం మానేస్తుంది. పైగా కొన్ని రకాల కృత్రిమ కస్తూరి వాసనలు కొందరి ముక్కుకి పుట్టుకతోనే అందవు. అందుకే మళ్ళీ నాలుగుసార్లు కొట్టుకునే ముందు ఇంట్లో ఎవరినైనా అడగాలి. మైగ్రేన్ ఉన్నవాళ్ళలో చాలామందికి ఘాటు వాసనలతో తలనొప్పి మొదలవుతుంది. లిఫ్టులో, క్లాసులో, ఆసుపత్రిలో మన సెంటును భరించాల్సినవాళ్ళలో వాళ్ళు కూడా ఉంటారు.

"పూలతో చేసిందైతే చర్మానికి ఏమీ కాదు"

ఈ మాట నమ్మి చర్మం పాడుచేసుకుంటున్నవాళ్ళు ఉన్నారు కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. బెర్గమాట్ కాయ తొక్క నుంచి తీసిన నూనె పూర్తిగా సహజమైనదే. అందులో బెర్గాప్టెన్ అనే పదార్థం ఉంటుంది. అది రాసుకున్న చోట ఎండ తగిలితే చర్మం కమిలి, నల్లటి చారలు పడతాయి. మెడ మీద సెంటు జారినంత మేరా మచ్చ పడుతుంది. అందుకే ఇప్పుడు ఆ పదార్థాన్ని తీసేసిన నూనెనే ఎక్కువగా వాడుతున్నారు. ఓక్ చెట్ల మీద పెరిగే ఓక్‌మాస్ ఎన్నో పేరున్న సెంట్లకి వెన్నెముక. అందులో ఉండే అట్రనాల్, క్లోరో అట్రనాల్ తీవ్రమైన అలర్జీ కలిగిస్తాయని యూరోపియన్ యూనియన్ 2017లో వాటిని నిషేధించింది. నిమ్మ తొక్కలో ఉండే లిమొనీన్, లావెండర్‌లో ఉండే లినలూల్ గాలి తగిలి పాతబడితే చర్మానికి పడని రూపంలోకి మారతాయి. ఏళ్ళ తరబడి దాచిన సీసా ఒంటికి కొట్టుకోకపోవడం మంచిదనడానికి ఇదొక కారణం.

మరి అత్తరు? ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో అత్తరు తీసే తీరు చూస్తే ఎవరికైనా గౌరవం కలుగుతుంది. డేగ్ అనే పెద్ద రాగి పాత్రలో గులాబీలూ నీళ్ళూ పోసి, మూతను దూదీ మట్టీ కలిపి మూసేసి, కింద కట్టెలు పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా పోయి, నీటి తొట్టెలో ముంచిపెట్టిన భప్కా అనే పాత్రలోకి దిగుతుంది. అందులో ముందే పోసి ఉంచిన గంధపు నూనె ఆ వాసనను పీల్చుకుంటుంది. చెయ్యి పెట్టి వేడి చూస్తూ, మంట తగ్గిస్తూ పెంచుతూ, రోజుల తరబడి చేసే పని ఇది. కానీ గంధపు నూనె ధర ఆకాశంలో ఉంది. అందుకని చవక అత్తర్లలో లిక్విడ్ ప్యారఫిన్ లాంటి వాటిలో కృత్రిమ వాసన కలిపి అమ్ముతున్నారు. అసలు గులాబీ అత్తరు కారుచవకగా దొరకదు. దొరికిందంటే అనుమానించాలి.

సహజమైనది మేలనే నమ్మకానికి రెండో వైపు, ల్యాబ్‌లో తయారైందంటే నకిలీ అనే చులకన. నేటి సెంట్ల చరిత్ర మొదలైందే కృత్రిమ పదార్థాలతో. 1882లో వచ్చిన ఫుజేర్ రోయాల్ అనే సెంటులో ల్యాబ్‌లో తయారైన కూమరిన్ అనే పదార్థం ఉంది. 1921లో ఎర్నెస్ట్ బో చేసిన షనెల్ నంబర్ ఫైవ్‌కి మెరుపు వచ్చింది ఆల్డిహైడ్‌లనే కృత్రిమ పదార్థాల వల్ల. అసలైన కస్తూరి కావాలంటే కస్తూరి మృగాన్ని చంపాల్సి వచ్చేది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఆ జంతువుకి మన దేశంలో రక్షణ ఉంది. ఈరోజు సీసాల మీద కస్తూరి అని ఉన్నదంతా దాదాపుగా ల్యాబ్‌దే. ఆ జింకలు అడవిలో బతికుండటం కంటే మనకి కావాల్సింది ఏముంది?

సహజమైనదైనా, కృత్రిమమైనదైనా కొత్త సెంటును మోచేతి లోపలివైపు కాస్త రాసి రెండు రోజులు చూడాలి. దురద, ఎర్రదనం వస్తే ఇక దాన్ని వాడొద్దు. అప్పుడే గీసిన గడ్డం మీద, గాయం మీద కొట్టుకోవద్దు. తగ్గకుండా దద్దుర్లు వేధిస్తుంటే చర్మ వైద్యులు ప్యాచ్ టెస్టుతో ఏది పడటం లేదో కనిపెడతారు.

"ఇది మగవాళ్ళది, అది ఆడవాళ్ళది"

సీసా రంగు చూసి చేసుకున్న విభజన ఇది. పాతబస్తీలో పెద్దమనుషులు గులాబీ, మల్లె అత్తర్లలో ముంచిన దూదిని చెవి మడతలో పెట్టుకుని నమాజుకి వెళ్ళడం మామూలు. ఎవరికి ఏది నచ్చితే అది కొనుక్కోవచ్చు.

"ఎంత ఖరీదైతే అంత నిలుస్తుంది"

పెట్టె మీద కొలోన్, ఈడీటీ (ఓ ద తువాలెట్), ఈడీపీ (ఓ ద పర్‌ఫ్యూమ్), పర్‌ఫ్యూమ్ అని రాసి ఉంటుంది. సుమారుగా కొలోన్‌లో 2 నుంచి 5 శాతం, ఈడీటీలో 5 నుంచి 15, ఈడీపీలో 15 నుంచి 20, పర్‌ఫ్యూమ్‌లో అంతకంటే ఎక్కువ సుగంధ తైలం ఉంటుంది. ఈ అంకెలను అన్ని కంపెనీలూ ఒకేలా పాటించవు. పైగా నిమ్మ వాసనతో చేసిన ఈడీపీ కంటే గంధం, ప్యాచౌలీతో చేసిన ఈడీటీ ఎక్కువసేపు నిలవొచ్చు, ఎందుకంటే ఏం కలిపారన్నదే ముఖ్యం. సీసాకీ, ప్రకటనకీ, సినిమా తార మొహానికీ పడే ఖర్చు కూడా ధరలోనే కలిసి ఉంటుంది.

అందుకే మొదటిసారి పెద్ద సీసా కొనొద్దు. అత్తరు 3 మిల్లీలీటర్ల బుడ్డిలో దొరుకుతుంది, చాలా సెంట్లకి చిన్న ట్రావెల్ సైజులున్నాయి. ఒక వారం ఆఫీసుకీ, ఓ ఫంక్షన్‌కీ వాడి చూశాక పెద్దది తెచ్చుకోవచ్చు. తెచ్చుకున్నాక బాత్‌రూమ్ అరలోనో, కారు డ్యాష్‌బోర్డు మీదో ఉంచితే వేడికీ వెలుతురుకీ పాడవుతుంది, బీరువాలో దాని పెట్టెలోనే ఉంచాలి. అత్తరు పట్టుచీర మీద పడితే మరక పోదు, సెంటులోని ఆల్కహాల్ తగిలితే ముత్యాల నిగనిగ తగ్గుతుంది. అందుకని ముందు సెంటు కొట్టుకుని, అది ఆరాక చీర కట్టుకుని, ముత్యాల దండ చివర్లో వేసుకోవాలి.