ఆనకట్టకు ముందు నేలకు పరీక్ష

హైదరాబాదులోని హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతాలను చూసినవారికి బండరాళ్లు కొత్త కాదు. ఎవరో తెచ్చి ఒకదానిమీద ఒకటి పేర్చినట్లుండే ఆ రాళ్లు గ్రానైటు జాతివి. వాటి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. అక్కడికి నైరుతి దిశలో కొద్ది దూరంలోనే మూసీ నదిపై గండిపేట చెరువు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలాది ప్రాణాలను బలిగొన్నది. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాపై నగరానికి ఎగువన రెండు జలాశయాలు నిర్మించారు. 1920లో గండిపేటలోని ఉస్మాన్ సాగర్, 1927లో ఈసీ నదిపై హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి.

ఇంత గట్టి రాయి ఉన్న ప్రాంతంలో ఆనకట్ట కట్టడానికి వేరే పరీక్షలెందుకు? అని మీకు సందేహం రావచ్చు.

గట్టి రాయి చాలదా?

1959 డిసెంబరు 2 రాత్రి ఫ్రాన్సులో మాల్పాసే ఆనకట్ట కూలి 420 మందికి పైగా మరణించారు. కాంక్రీటులో లోపం లేదు. పునాదిలో ఉన్నది కూడా నైస్ అనే గట్టి శిలే. కాని ఆ శిలలో పగుళ్లు, పొరలు ఉన్నాయి. వాటిలో చేరిన నీటి ఒత్తిడికి ఎడమ గట్టు కింది శిల కదిలిపోయింది.

నీటికి ఎంత బలముందో లెక్క వేయండి. 30 మీటర్ల లోతున ప్రతి చదరపు మీటరుపై నీరు సుమారు 30 టన్నుల బరువుతో నొక్కుతుంది. ఆ నీరు పగుళ్లగుండా పునాది కిందికి చేరితే ఆనకట్టను పైకి ఎత్తజూస్తుంది. ఇంటి పునాదికీ ఆనకట్ట పునాదికీ ఉన్న ముఖ్యమైన తేడా ఇదే. మొదటిది బరువు మోస్తే చాలు. రెండవది బరువు మోయాలి, నీటినీ ఆపాలి.

గ్రానైటు చేసే మోసం

గ్రానైటులో సహజంగానే పగుళ్లు ఉంటాయి. వాన నీరు వాటిలో దిగి, రాతిలోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాన్ని మెల్లగా బంకమట్టిగా మారుస్తుంది. రాయి అంచులు అరిగి గుండ్రనవుతాయి. చుట్టూ ఉన్న భాగం మొరంగా మారుతుంది. అందువల్ల పైకి బండ కనిపించినా, దాని కింద మెత్తని మొరం ఉండవచ్చు.

పరీక్షలు ఎలా చేస్తారు?

ముందుగా భూగర్భ శాస్త్రజ్ఞులు కాలినడకన తిరిగి శిలల రకాలనూ, పగుళ్లు ఏ దిక్కుకు ఎంత వాలుగా ఉన్నాయో కూడా పటంలో గుర్తిస్తారు. తరువాత నేలపై సమ్మెటతో కొట్టి, ఆ కంపనాలు దూరాన ఉన్న పరికరాలకు చేరే వేళను కొలుస్తారు. వదులు మట్టిలో అవి సెకనుకు కొన్ని వందల మీటర్లే పోతాయి. చెక్కుచెదరని గ్రానైటులో సుమారు 5,000 మీటర్లు పోతాయి. దీనినిబట్టి గట్టి శిల ఎంత లోతున ఉందో అంచనా కడతారు.

ఆ అంచనాను బోరు వేసి సరిచూస్తారు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక మెతుకు పట్టి చూస్తే చాలంటారు. నేల విషయంలో ఆ మాట చెల్లదు. అందుకే ఆనకట్ట పొడవునా, రెండు గట్లపైనా ఎన్నో బోర్లు వేస్తారు. రాయి తగలగానే ఆపరు. అది విడి గుండు కావచ్చు గనుక ఇంకా కొన్ని మీటర్లు తొలుస్తారు.

వజ్రపు తునకలు పొదిగిన గొట్టంతో తొలిస్తే, రాయి కడ్డీలా బయటికి వస్తుంది. అందులో 10 సెంటీమీటర్లు, అంతకు మించిన ముక్కల పొడవులన్నీ కూడుతారు. 150 సెంటీమీటర్లు తొలిచినప్పుడు ఆ మొత్తం 120 అయితే శిల నాణ్యత 80 శాతం. అంటే మంచిదే. 25 శాతం కన్న తక్కువైతే శిల ముక్కచెక్కలై ఉందన్నమాట.

చివరగా బోరులో కొంత భాగాన్ని మూసి, ఒత్తిడితో నీరు పంపి, నిమిషానికి ఎన్ని లీటర్లు ఇంకిపోతున్నదో కొలుస్తారు. ఈ పద్ధతిని 1933లో స్విట్జర్లాండుకు చెందిన మారిస్ లూజాన్ వివరించాడు. నీరు ఎక్కువగా పోతే పగుళ్లలోకి సిమెంటు పాలు ఎక్కించి మూసివేస్తారు. మరీ చెడిన శిలను తవ్వి తీసివేస్తారు. అదీ కుదరకపోతే చోటే మారుస్తారు.

భవనాల పునాదుల కోసం రాయిని నిలువుగా కోసిన చోటు కనబడితే, కంచె బయటినుంచే గమనించండి. పైన మట్టి, దాని కింద మొరం, అందులో గుండ్లు, అడుగున బండ, బండలో పగుళ్లు కనిపిస్తాయి. బోరు వేసే ఇంజనీరు చూడకుండానే తెలుసుకోవలసింది ఇదంతా.